ఎడారి బాటలో కన్నవి, విన్నవి: మార్కో పోలో జీవితము

ఓరుగల్లు కోటను చూడవచ్చిన విద్యార్థులకు రాతి తోరణముల నడుమ నిలిచి ఉపాధ్యాయుడు చెప్పు పాఠములో ఒక విదేశీయుని పేరు తప్పక వచ్చును. రుద్రమదేవి పరిపాలనను వెనిసు నగర యాత్రికుడు మార్కో పోలో స్వయముగా చూచి మెచ్చుకొనెనని పిల్లలు నేర్చుకొందురు, పరీక్షలలో వ్రాయుదురు. అంతటితో ఆ యాత్రికుని కథ ముగిసిపోవును. అతడెవ్వడు, ఏ దారిని వచ్చెను, ఓరుగంటి రాణిని గూర్చి అతడు చెప్పినదానిలో కన్నదెంత, విన్నదెంత అని అడుగువారు అరుదు. ఈ ప్రశ్నకు సమాధానమును మోటుపల్లి రేవులో వెదకుటకు ముందు పారసీక దేశపు ఉప్పుటెడారులలోను, మధ్య ఆసియాలోని ఇసుకతిన్నెలలోను వెదకవలసి యున్నది. ఒక మనుష్యుడు తాను చూచినదానిని ఎట్లు చెప్పునో, ఒరులవలన విన్నదానిని ఎట్లు చెప్పునో ఆ సుదీర్ఘమైన బాటలోనే తెలియవచ్చును.

మార్కో 1254 ప్రాంతమున వెనిసులో జన్మించెను. సముద్రపు నీటిపై నిలిచిన ఆ నగరమునకు పంటపొలములు లేవు. వర్తకమే దాని వ్యవసాయము. తండ్రి నికోలో, అతని సోదరుడు మఫియో రత్నవర్తకులు. వ్యాపారమునకై తూర్పుగా పోయిన ఆ సోదరులు యుద్ధములచేత తిరుగుదారి మూసికొనిపోగా బుఖారా నగరమున మూడేండ్లు చిక్కుపడి, తుదకు ఒక రాయబారివెంట మంగోలు చక్రవర్తి కుబ్లయి ఖాను కొలువునకు చేరిరి. వారి మాటలు ఖానునకు నచ్చెను. క్రైస్తవ మతగురువగు పోపునొద్దనుండి నూరుగురు విద్వాంసులను, జెరూసలేములో ఏసు సమాధిపై వెలుగు దీపములోని తైలమును తెమ్మని అతడు వారిని తన దూతలుగా పంపెను. 1269లో వారు ఇల్లు చేరునప్పటికి నికోలో భార్య గతించి యుండెను. కుమారునకు పదునైదేండ్లు నిండియుండెను.

రెండేండ్ల పిమ్మట, 1271లో, సోదరులు మరల బయలుదేరిరి. ఈ మాఱు పదునేడేండ్ల మార్కో వెంట నుండెను. పోపు మరణించి దాదాపు మూడేండ్లు కావచ్చినను కొత్త పోపు ఎన్నిక కాకపోవుటచే ఆలస్యము జరిగెను. ఎన్నికైన పదవ గ్రెగొరీ ఖాను కోరిన నూరుగురకు బదులుగా ఇద్దరు సన్యాసులను మాత్రము పంపగలిగెను. ఆ ఇద్దరును ఆర్మీనియాలో యుద్ధవార్త వినగానే వెనుకకు మరలిరి. మిగిలినది ముగ్గురు వర్తకులు, ఒక గిన్నెడు నూనె.

ఆ ముగ్గురు సాగిన దారి పొడవునను వింతలే. నేడు మోటారుకారులో పోవు యాత్రికుడు రహదారి ప్రక్కన ఒక వింత చెట్టును, ఒక విడ్డూరపు రాతిని చూచుటకు ఆగునట్లే, ఒంటెల బిడారుతో పోవు ఆ బాలుడును ఆగి చూచెను, ఆగి అడిగెను. జార్జియా సరిహద్దున భూమినుండి నూనె ఊరు బుగ్గ కలదనియు, ఒకేమాఱు నూఱు ఓడలకు నింపవచ్చుననియు, అది తినుటకు పనికిరాదు కాని దీపమునకును ఒంటెల గజ్జికిని మంచిదనియు అతడు చెప్పెను. వెనిసువారికి నూనె యనిన ఆలివు పండ్లది. భూమి నూనెను కక్కుననుట వారికి హాస్యాస్పదముగ తోచియుండును. బాకూ పరిసరములలోని ఆ నూనె నేడు లోకమునకంతకును తెలిసినదే.

పారసీకమున సావే అను పట్టణములో, శిశువగు ఏసును దర్శించుటకు వచ్చిన ముగ్గురు జ్ఞానుల సమాధులను అతనికి చూపిరి. శరీరములు జుట్టుతో గడ్డములతో చెడక యున్నవని చెప్పిరి. వీరెవ్వరని మార్కో ఊరివారిని అడిగెను. పూర్వము ఇచట పాతిపెట్టబడిన రాజులనుట తప్ప ఒక్కరును ఏమియు చెప్పలేకపోయిరి. మూడు దినముల ప్రయాణము దూరమున అగ్నిపూజకుల కోట యొకటి కలదని తెలియగా, అచటివారు చెప్పుకొను కథను అతడు సంగ్రహించెను. ఇది యెవరి కథయో, ఎచట దొరికినదో తెలుపుచునే చెప్పెను. పదునేడు పదునెనిమిదేండ్ల బాలునియందు ఈ అలవాటు కనబడుట గమనింపదగినది.

కెర్మాను నగరము దాటి దక్షిణముగా హొర్ముజు రేవునకు పోవు దారి దొంగల పాలైనది. కరౌనులను దోపిడిగాండ్రు మంత్రబలముచే పట్టపగలు చీకటి చేయుదురని బాటసారులు నమ్మియుండిరి. ఆ చీకటిలోనే వారు మార్కో ఉన్న బిడారుపై బడిరి. అతడు సమీపమున నున్న గ్రామములోనికి పరుగెత్తి ప్రాణము దక్కించుకొనెను. తోడివారిలో ఏడుగురు తప్ప తక్కినవారు పట్టుబడిరి, కొందరు చంపబడిరి, కొందరు బానిసలుగా అమ్ముడుపోయిరి. ఆ చీకటి ఎడారి దుమ్ముపొగయే యని నేటివారు గ్రహింపగలరు. చీకటి నిజము, దోపిడి నిజము. మంత్రము మాత్రము వినికిడి.

హొర్ముజులో ఎండగాలి వీచునప్పుడు జనులు గడ్డము వఱకు నీటిలో మునిగి కూర్చుందురట. అచట వారు చూచిన ఓడలకు ఇనుపమేకు ఒక్కటియు లేదు. కొబ్బరిపీచు త్రాళ్లతో పలకలను కుట్టియుండిరి. సరకుపై తోళ్లు పఱచి, దానిపై గుఱ్ఱములను నిలిపి, ఆ ఓడలలోనే హిందూదేశమునకు పంపుచుండిరి. దక్షిణాపథపు రాజులు బంగారము పోసి కొన్న అశ్వములు ఇట్లు వచ్చినవే. ఆ ఓడలు అపాయకరములని మార్కో స్పష్టముగా వ్రాయించెను. వెనిసువారు కూడ వాటిని ఎక్కలేదు. కెర్మానునకు తిరిగివచ్చి భూమార్గమునే పట్టిరి.

అచటినుండి ఉత్తరముగా అసలైన ఎడారి. మూడు దినములు నీరు దాదాపు లేదు. ఉన్న నీరు గడ్డివలె పచ్చనిది, ఉప్పనిది, చేదుది. ఒక్క గుక్క త్రాగినవానికి పదిమాఱులు విరేచనములగును. మనుష్యులు తమ నీటిని మోసికొనిపోవుదురు. పశువులు దాహమునకు తాళలేక ఆ నీటినే త్రాగి పడిపోవును. ఈ భాగమును చెప్పునప్పుడు మార్కో మాటలలో కథ లేదు, అద్భుతము లేదు. త్రాగిన వానికి తెలిసినట్లున్నది.

ఎడారి ఆవల కూహ్‌బనాను అను ఊరిలో కంటిమందు చేయు బట్టీలను చూచెను. ఒకజాతి మట్టిని కొలిమిలో వేసి పైన ఇనుపజాలిని పఱతురు. పొగ ఆ జాలికి అంటుకొని మందగును, అడుగున నిలిచినది కిట్టము. తుతియా అని దాని పేరు. మన తుత్తునాగమను మాటకు ఇది చుట్టము; ఆ మందు తుత్తునాగపు భస్మమే. రసాయనశాస్త్రము నేర్చిన నేటి విద్యార్థి ఆ వర్ణనలో తప్పు పట్టజాలడు.

మఱి ఎనిమిది దినముల ఎడారి దాటిన పిదప ఏకాకియగు ఒక వృక్షము. ఆకులు ఒకవైపు పచ్చన, రెండవవైపు తెల్లన. కాయలు ముండ్లు గలవి, లోపల ఏమియు ఉండదు. కఱ్ఱ పసుపుపచ్చనిది, గట్టిది. ఒకవైపు తప్ప నూఱు మైళ్లలో మఱియొక చెట్టు లేదు. అలెగ్జాండరు డరయసుతో పోరాడిన చోటు అదియేనని అచటివారు చెప్పుకొందురు. పాలమూరి పిల్లలమఱ్ఱిని చూచినవారు ఇట్టి చెట్టు ఎట్లు యాత్రాస్థలమగునో ఎఱుగుదురు. ఒక మహావృక్షము ఉన్నచోట ఒక మహారాజు కథ తప్పక చేరును. ఆకును, కాయను, కఱ్ఱను మార్కో తానే వర్ణించెను. అలెగ్జాండరును మాత్రము ఊరివారికే వదలెను.

బదక్షానులో కెంపుల గనులను, నీలిరంగు రాజావర్తశిలలను చూచెను. అచట ఏడాదిపాటు జబ్బుపడి, కొండపైకి పోయి గాలి మార్చుకొనగా స్వస్థుడాయెను. తన శరీరమును గూర్చి అతడు చెప్పిన మాటలు గ్రంథమంతటను ఇంచుమించు ఇవియే. పామీరు పీఠభూమి ఎక్కినప్పుడు అచటి అడవిగొఱ్ఱెల కొమ్ములు మూడు నాలుగు జానలు, ఆఱు జానలును ఉండుననియు, కాపరులు వాటితో గిన్నెలు చేసికొందురనియు, మందలకు దడులు కట్టుదురనియు చెప్పెను. అయిదు శతాబ్దములకు పైగా ఆ మాటను ఎవ్వరును లక్ష్యపెట్టలేదు. 1838లో వుడ్ అను ఆంగ్లేయ నావికాధికారి అటు పోయి ఆ కొమ్ములను కన్నులార చూచెను. నేడు ఆ జాతి గొఱ్ఱెకు శాస్త్రజ్ఞులు పోలో పేరే పెట్టియున్నారు. అదే పామీరుమీద నిప్పు మందముగా మండుననియు, వంట సరిగా ఉడకదనియు అతడు గమనించి, కారణము చలి యని చెప్పెను. కారణము చలి కాదు, ఎత్తున గాలి పలుచనగుట. చూపు సరియైనది, హేతువు తప్పు. ఓరుగంటి రాణి విషయమునకు వచ్చునప్పుడు ఈ నిప్పును మఱల జ్ఞప్తికి తెచ్చుకొనవలసి యుండును.

కష్గరు, ఖోతాను దాటిన పిదప లోప్ అను పట్టణము. అచట బాటసారులు వారము దినములు విశ్రమించి, నెలకు సరిపడు గ్రాసము కట్టుకొని ఎడారిలో అడుగిడుదురు. ఇఱుకైన చోట దాటుటకే ఒక నెల పట్టును. పశుపక్ష్యాదులు లేవు, తినుటకేమియు లేదు. ఒక పగలు ఒక రాత్రి నడచినచో ఏబదిమందికో నూరుమందికో చాలు నీరు దొరకును; అంతకు మించిన బిడారు పోరాదు. అట్టి నీటిపట్టులు దాదాపు ఇరువది యెనిమిది. వాటిలో మూడు నాలుగు చేదువి. రాత్రివేళ బిడారు వెనుకబడిన వానిని అతని స్నేహితుల గొంతులతో పిశాచములు పేరుపెట్టి పిలుచును. ఆ పిలుపు వెంట పోయినవాడు మఱి కనబడడు. పగటిపూట కూడ వాద్యముల మ్రోత, అందును డప్పుల మ్రోత, వినవచ్చును. అందుచేత పశువుల మెడలకు గంటలు కట్టుదురు. పండుకొనుటకు ముందు మఱునాడు పోవలసిన దిక్కునకు గుఱుతు పెట్టుకొందురు.

ఈ పిశాచములే మార్కోకు కల్లలాడువాడను పేరు తెచ్చినవి. కాని అతనికంటె ఆఱు శతాబ్దములు ముందుగా ఆ ఎడారులను దాటిన చీనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగు కూడ ఇట్టి గొంతులనే చెప్పియున్నాడు. ఇసుకతిన్నెలు జాఱునప్పుడు రేణువుల ఒఱపిడిచే డప్పువలె మ్రోగునని నేటి శాస్త్రము తెలిసికొన్నది. ఎడారి ఆవలి అంచున నున్న తున్‌హువాంగు ప్రక్కన మ్రోగు ఇసుకకొండ నేటికిని యాత్రికులను ఆకర్షించుచున్నది. 1907లో ఆరెల్ స్టీను ఆ బాటనే నడచి, మజిలీల విషయమునను నీటిపట్టుల విషయమునను మార్కో లెక్క వాస్తవమునకు సరిపోవుచున్నదని తేల్చెను. గంటలు, గుఱుతులు, నీటిపట్టులు ప్రయాణము చేసినవాని మాటలు. పిశాచములు రాత్రి నెగడు ప్రక్కన వినిన మాటలు. రెంటిని ఒకే పుటలో చెప్పుటయే అతని దోషము, అది దోషమైనచో.

ఎడారి అంచున మఱియొక వింత. నిప్పులో కాలని వస్త్రము సలమాండరు అను జంతువు చర్మముతో నేయుదురని ఐరోపావారు ఆనాడు నమ్మియుండిరి. అట్టి జంతువు ఏదియు లేదనియు, అది కొండలలో త్రవ్వి తీయు ఖనిజమనియు, దంచి కడిగి నార తీసి వడకి నేసి నిప్పులో వేసినచో తెల్లబడుననియు మార్కో ఖండించి చెప్పెను. ఖాను కొలువు పనిమీద మూడేండ్లు అచట ఆ ఖనిజమును తీయించిన జుల్ఫికరు అను తురుష్కుడు తనకు ఈ సంగతి తెలిపెనని సాక్షి పేరు కూడ పెట్టెను. అద్భుతములు అల్లువాడు చేతికి దొరకిన అద్భుతమును ఇట్లు చెఱుపుకొనడు.

మూడున్నర యేండ్ల ప్రయాణము పిమ్మట 1275లో వారు ఖాను వేసవి రాజధానియగు షాంగ్‌టు చేరిరి. జెరూసలేము తైలము చెడక చేరినది. ఇరువదియొక్క యేండ్ల మార్కో ఖానునకు ప్రియుడాయెను. దూరదేశములకు పోయిన దూతలు తమ పని తప్ప మఱేమియు చెప్పలేకపోవుట ఖానునకు విసుగు పుట్టించుచుండెను. మార్కో మాత్రము పోయిన చోటనెల్ల వింతలను ఆచారములను గుర్తుంచుకొని వచ్చి విన్నవించెను. పదునేడేండ్లు ఆ కొలువున గడచెను. మల్బరీ చెట్టు పట్టతో చేసిన కాగితపు నాణెములు, కట్టెలవలె మండు నల్లరాళ్లు, గుఱ్ఱములు మార్చుకొను తపాలా మజిలీలు మొదలైన వాటిని గూర్చి అతడు చెప్పినవి చరిత్ర విద్యార్థులెఱిగినవే కావున ఇచట విస్తరింప నక్కఱలేదు.

తిరుగుప్రయాణము సముద్రముమీద. పారసీకమునేలు అర్ఘూను ఖానునకు వధువుగా కొకచిను అను రాకుమారిని తోడ్కొనిపోవుటకు వచ్చిన ముగ్గురు రాయబారులు భూమార్గమున యుద్ధముండుటచే ఓడలెక్కిరి, వెనిసువారు తోడుపోయిరి. 1292 ప్రాంతమున పదునాలుగు ఓడలు బయలుదేరినవి. సుమత్రాలో అయిదు నెలలు గాలికై నిలిచిరి. సింహళము, పాండ్యులు ఏలు మాబరు తీరము, మలబారు మీదుగా హొర్ముజు చేరునప్పటికి నావికులు గాక బయలుదేరిన ఆఱు వందలమందిలో పదునెనిమిదిమందియే మిగిలిరి. వరుడగు అర్ఘూను అంతకుముందే, 1291లోనే, మరణించియుండెను. అతని కుమారుడు గజాను రాకుమారిని పెండ్లాడెను.

ఈ సముద్రయాత్రను చెప్పు సందర్భముననే మన దేశము వచ్చును. మాబరునకు ఉత్తరముగా పోగా ముత్ఫిలి అను రాజ్యము కలదని మార్కో చెప్పెను. అది మోటుపల్లి, చీరాలకు దక్షిణముగా, చినగంజాము సమీపమున, నేడు వీరభద్రాలయముతోను కొన్ని శాసనములతోను నిశ్శబ్దముగా నున్న పల్లె. రేవు పేరే రాజ్యము పేరుగా అతడెఱుగును. ఓరుగల్లు పేరు గాని, కాకతీయుల పేరు గాని, రుద్రమ పేరు గాని అతని గ్రంథమున లేవు. ఆ రాజ్యమును ఒక రాణి ఏలుచున్నదనియు, భర్తయగు రాజు చనిపోయి నలువది యేండ్లయినను అతనిపై ప్రేమచే మఱల పెండ్లాడలేదనియు, భర్తకు తీసిపోకుండ ధర్మముగా ఏలి ప్రజల ప్రేమను చూఱగొన్నదనియు చెప్పెను. సాలెగూటివలె పలుచనైన వస్త్రములు అచట నేయుదురనియు, ఏ రాజైనను రాణియైనను వాటిని మురిపెముతో ధరింపవచ్చుననియు పొగడెను. పిమ్మట వజ్రముల ప్రసంగము.

వజ్రములు దొరకు విధములు అతడు మూడు చెప్పెను. వానలకు కొండవాగులు పొంగి పాఱి తగ్గిన పిదప జనులు వాగుల అడుగున వెదకి ఏఱుకొందురు. ఇది మొదటి విధము. రెండవది: మనుష్యులు దిగరాని, పాములు నిండిన లోయలలోనికి మాంసఖండములు విసరుదురు, తెల్లని గ్రద్దలు వాటిని ఎత్తుకొని పైకి వచ్చును, వాటిని తఱిమి మాంసమునకు అంటిన వజ్రములను తీసికొందురు. మూడవది ఆ గ్రద్దల రెట్టలో వెదకుట. ఈ గ్రద్దల కథ అరబ్బుల సింద్‌బాదు కథలలో కలదు. నాల్గవ శతాబ్దమున సైప్రసు దేశపు క్రైస్తవాచార్యుడు ఎపిఫేనియసు కూడ మఱియొక దేశమునకు అంటగట్టి చెప్పియుండెను. రేవు రేవునకు ఓడలతో పాటు తిరుగు కథ అది. మొదటి విధము మాత్రము అట్టిది కాదు. తొలకరి చినుకులు పడగానే తుగ్గలి, జొన్నగిరి, వజ్రకరూరు పొలములలో స్త్రీలు, పురుషులు, పిల్లలు తలలు వంచి నేలను వెదకుచు తిరుగుట నేటికిని ఏటేట కనబడు దృశ్యము. ఏడు శతాబ్దముల క్రిందట ఆ సంగతిని వెనిసు వర్తకునకు చెప్పినవాడెవడో ఈ నేలను ఎఱిగినవాడే.

ఇక రాణి. రుద్రమదేవి గణపతిదేవుని భార్య కాదు, కుమార్తె. పుత్రులు లేని తండ్రి ఆమెకు రాజ్యమిచ్చెను. రుద్రదేవ మహారాజను పురుషనామముతో ఆమె శాసనములు వేయించెను. ఆమె భర్త నిడదవోలు చాళుక్యుడగు వీరభద్రుడు. మార్కో మాటను నమ్మి తొలినాటి చరిత్రకారులు కొందరు ఆమెను గణపతిదేవుని భార్యగనే వ్రాసిరి. శాసనములను పరిష్కరించిన పిదప ఆ పొరపాటు తొలగెను. రాజు చనిపోగా స్త్రీ గద్దె నెక్కెననిన, ఆమె అతని వితంతువే కావలెనని వినినవాడో చెప్పినవాడో అనుకొని యుండవచ్చును. కుమార్తెను కుమారునివలె పెంచి పట్టము కట్టిన తండ్రి వారి ఊహకు అందలేదు. పామీరుమీది నిప్పువంటిదే ఇదియు: స్త్రీ ఏలుచున్నదనుట సరి, ఎట్లు ఏలవచ్చెననుట తప్పు.

మఱియొక చిక్కు కలదు. నల్లగొండ జిల్లాలో నకిరేకల్లు ప్రాంతమునందలి చందుపట్ల గ్రామ శాసనము 1289 నవంబరు నాటిది. రుద్రమదేవికిని, ఆమె సేనాని మల్లికార్జున నాయకునకును శివలోకప్రాప్తి కలిగినదని తెలుపుచు, వారి పుణ్యమునకై వేయించిన దానశాసనమది. కాయస్థ అంబదేవునిపై జరిగిన యుద్ధమున ఆమె మరణించెనని పండితులు దానినిబట్టి ఊహించిరి. మార్కో ఓడలు మన సముద్రమున సాగునప్పటికి ఓరుగంటి సింహాసనముపై ఆమె దౌహిత్రుడు ప్రతాపరుద్రుడు కూర్చుండి యుండెను. మార్కో రుద్రమను చూడలేదు. తాను మోటుపల్లిలో దిగితినని కూడ అతడు ఎచటను చెప్పలేదు. సింహళమునుండి మలబారునకు పోవు ఓడలకు మోటుపల్లి దారిలోనిది కాదు. కావున అతడు స్వయముగా చూచి మెచ్చెనను పాఠమును సవరించుకొనవలసినదే.

అయినను ఆ పొగడ్త విలువ దీనివలన తగ్గునా? 1244 ప్రాంతమున గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన అభయశాసనము ఇంకను నిలిచియున్నది. తుఫానుచే చెడి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను పూర్వపు రాజులు లాగుకొనుచుండిరనియు, ప్రాణముకంటె ధనము ప్రియమైనదైనను సముద్రసాహసము చేయువారియందు దయతో తాను నియతమైన సుంకము తప్ప సర్వమును వారికే విడుచుచున్నాననియు దాని తాత్పర్యము. మలబారు తీరమున ఒక రేవులో, తమకై వచ్చిన ఓడను కాపాడి, గాలివాటున వచ్చిన ఓడను మాత్రము దేవుడిచ్చినదని దోచుకొందురని మార్కోయే వ్రాయించెను. అట్టి దోపిడిని ఎఱిగిన నావికులు, అభయమిచ్చిన రేవును దాని రాణిని గూర్చి ఓడలమీద ఏమి చెప్పుకొనిరో ఊహించుట కష్టము కాదు. ఆమె ధర్మమును మార్కో కన్నులతో చూచియుండిన అది ఒక యాత్రికుని మర్యాదమాట యగును. చూడని వాని చెవికి, చనిపోయిన మూడేండ్లకును, ఆమె కీర్తి చేరినది.

1295లో, ఇరువదినాలుగేండ్లకు, వారు వెనిసు చేరిరి. చింపిరి దుస్తులతో వచ్చిన వారిని బంధువులు గుర్తింపలేదనియు, అప్పుడు ఆ దుస్తుల కుట్లు విప్పి రత్నములు రాల్చిరనియు ఒక కథ. రెండున్నర శతాబ్దముల పిమ్మట వ్రాయబడిన ఆ కథ కూడ విన్నదే. మార్కో తానును వింతలలో ఒకడై పోయెను. పిదప జెనోవా వారితో జరిగిన యుద్ధమున పట్టుబడి చెఱలో పడెను. 1298లో ఆ చెఱసాలలోనే పీసా నగరవాసియగు రుస్తికెల్లో, వీరుల ప్రేమకథలు వ్రాసి పేరొందినవాడు, తోడిబందీగా దొరకెను. ఒకడు చెప్పెను, ఒకడు ఫ్రెంచిభాషలో వ్రాసెను. యుద్ధవర్ణనలలోను, అద్భుతముల ఆడంబరములలోను రుస్తికెల్లో కలము కనబడుచునే యుండును. నీటిపట్టుల లెక్కలలోను, సరకుల ధరలలోను వర్తకుని గొంతు వినబడుచుండును. మూలప్రతి లేదు. నూట నలుబదికి పైగా ప్రాచీనప్రతులున్నను ఏ రెండును పూర్తిగా కలియవు.

జనులు ఆసక్తితో చదివిరి, నమ్ముట మాత్రము తక్కువ. ఆ గ్రంథమునకు మిలియొనె అను పేరు స్థిరపడెను. లక్షలు కోట్లు చెప్పువాడని ఎగతాళికి పెట్టినదేయని పలువురు తలంతురు. రెండు శతాబ్దముల పిమ్మట కొలంబసు లాటిను ప్రతిని అంచులలో గుఱుతులు వ్రాసికొనుచు చదివెను. 1995లో ఒక ఆంగ్ల పండితురాలు, చీనా గోడను, తేయాకును చెప్పనివాడు చీనాకు పోనేలేదేమోయని ఒక గ్రంథమునే వ్రాసెను. నేడు చూచు గోడ తరువాతి మింగు వంశమువారు కట్టినది. అది మార్కో చెప్పవలసినది కాదు. 1941లోనే ఒక చీనా పండితుడు 1290 నాటి రాజాజ్ఞ నొకదానిని వెలికి తీసియుండెను. కొకచినును తోడ్కొనిపోవచ్చిన ముగ్గురు రాయబారుల పేర్లును అందున్నవి; ఆ మూడు పేర్లను మార్కో గ్రంథము సరిగా చెప్పినది. కొలువున లేనివానికి అవి తెలియు దారి లేదు.

చెఱనుండి 1299లో విడుదలైన మార్కో దొనాతా అను స్త్రీని పెండ్లాడి ముగ్గురు కుమార్తెలను కనెను. వ్యాపారము చేసికొనుచు, బాకీలకై న్యాయస్థానములకు పోవుచు మఱల దూరదేశములకు పోక ఇరువదియైదేండ్లు గడపెను. 1310లో మఫియో వ్రాయించిన మరణశాసనమున, ఖాను అనుగ్రహించిన బంగారు ఆజ్ఞాఫలకములు మూడు పేర్కొనబడినవి. అంత్యకాలమున మార్కో మిత్రులు చుట్టుచేరి, పరలోకమునకు పోవుటకు ముందు గ్రంథములోని అబద్ధములను ఉపసంహరింపుమని కోరిరనియు, చూచినదానిలో సగమైనను చెప్పలేదని అతడు బదులిచ్చెననియు సమకాలికుడొకడు వ్రాసెను. ఇదియు విన్నమాటయే.

1323లో ఢిల్లీ సేనలు ఓరుగల్లు కోటను పట్టుకొనినవి. బందీయైన ప్రతాపరుద్రుడు ఢిల్లీ దారిలో మరణించెను. 1324 జనవరి 9వ తేదీన వెనిసులో మార్కో పోలో మరణశాసనము వ్రాయించెను. భార్యను, ముగ్గురు కుమార్తెలను దానికి నిర్వాహకులుగా నియమించి, ఆస్తిలో అధికభాగమును కుమార్తెలకు పంచి, మతసంస్థలకు దానములు వ్రాసి, తన ఇంట నున్న పీటరు అను తాతారు బానిసకు స్వేచ్ఛ నిచ్చెను. కొలదికాలమునకే మరణించి సాన్ లొరెంజో ఆలయమున పాతిపెట్టబడెను. పదునాఱవ శతాబ్దాంతమున ఆ ఆలయమును పడగొట్టి కొత్తగా కట్టినప్పుడు సమాధి జాడ పోయినది.